ముప్పై ఎనిమిది మంది తరఫున ఒక్క వాచ్‌మన్

ఏ సర్వే డేటా చేతికొచ్చినా నేను ముందు చేసే పని వెయిట్ల కాలమ్‌ను (ఒక్కో మనిషి ఎంతమంది కింద లెక్కో చెప్పే అంకెలు) పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు సార్ట్ చేయడం. మొన్న అలా చేస్తే పైన ఒక్క వరుస విడిగా నిలబడింది. మగ, 54 ఏళ్ళు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, నైట్ డ్యూటీ. వెయిట్ 38. దాని కింద వరుసలో 6. ఆ తర్వాత అన్నీ ఒకటికి కాస్త పైన.

సంగతేమిటంటే, హైదరాబాద్‌లో కొన్ని బస్తీల్లో షుగర్ ఉన్నవాళ్ళకి తిండి గురించి, మందుల గురించి కౌన్సెలింగ్ పెట్టారు. ఇష్టమున్నవాళ్ళు వెళ్ళారు, లేనివాళ్ళు వెళ్ళలేదు. ఆరు నెలల తర్వాత అందరినీ హెచ్‌బీఏ1సీ పరీక్షకి రమ్మన్నారు. రెండు మూడు నెలల సగటు షుగర్ ఎలా ఉందో అది చెబుతుంది. కౌన్సెలింగ్ వల్ల ఎంత తగ్గిందో లెక్కగట్టే పని మాకిచ్చారు. ఎవరు పెట్టారు, ఏ బస్తీలు అన్నది ఇక్కడ అనవసరం. అంకెల్ని కూడా లెక్క తేలిగ్గా ఉండేందుకు మార్చి, గుండ్రం చేశాను.

వెళ్ళినవాళ్ళ సగటు తీసి, వెళ్ళనివాళ్ళ సగటు తీసి, ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తే సరిపోదా? సరిపోదు. వెళ్ళినవాళ్ళు ఎవరో చూడండి. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు, రిటైరైన పెద్దవాళ్ళు, గోడ మీద క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజుకి టిక్ పెట్టుకునే రకం. కౌన్సెలింగ్ లేకపోయినా వాళ్ళ షుగర్ కొంత తగ్గేదే. వెళ్ళనివాళ్ళలో ఆటో నడిపేవాళ్ళు, మేస్త్రీ పనివాళ్ళు, రాత్రంతా గేటు కాసేవాళ్ళు. ఈ రెండు గుంపుల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం ఊరి చెరువుకి, హుస్సేన్‌సాగర్‌కి లోతు పోల్చినట్టుంటుంది.

అందుకని వెయిట్లు. ఒక్కో మనిషి వయసు, పని, చదువు, మొదట్లో షుగర్ ఎంత ఉంది, ఇవన్నీ చూసి అతను కౌన్సెలింగ్‌కి వెళ్ళే అవకాశం ఎంతో అంచనా వేస్తాం. దాన్ని ప్రొపెన్సిటీ స్కోర్ అంటారు. 1983లో రోజెన్‌బామ్, రూబిన్ అనే ఇద్దరు పెట్టిన పేరు. వెళ్ళే అవకాశం నాలుగింట ఒకటే ఉన్న మనిషి నిజంగా వెళ్ళాడంటే, అతను తనలాంటివాళ్ళే అయినా వెళ్ళని మరో ముగ్గురి తరఫున కూడా మాట్లాడుతున్నట్టు. కాబట్టి అతనికి వెయిట్ 4. అవకాశాన్ని తిరగేస్తే వెయిట్ వస్తుంది, అంతే. సర్వేలకి ఈ తిరగేసే లెక్కను 1952లోనే హోర్విట్జ్, థాంప్సన్ రాసిపెట్టారు. వెళ్ళనివాళ్ళకీ ఇలాగే, వెళ్ళకపోయే అవకాశాన్ని తిరగేసి ఇస్తాం. అప్పుడు రెండు గుంపులూ మొత్తం బస్తీ లాగే కనబడాలి.

మా వాచ్‌మన్ వెళ్ళే అవకాశం 38లో ఒకటి. కౌన్సెలింగ్ పగలు పదకొండింటికి. ఆ రోజు ఆయన లీవులో ఉన్నాడు, భార్య చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అంతకుమించి కారణం లేదు. ఆ ఒక్క లీవు వల్ల ముప్పై ఎనిమిది మంది వాచ్‌మన్ల గొంతు ఆయన గొంతులోంచి వస్తోంది.

వెళ్ళినవాళ్ళు వంద మంది అనుకుందాం. 99 మందికి వెయిట్ 1, ఈయనకి 38. మొత్తం 137లో ఈయన ఒక్కడి వాటా దాదాపు 28 శాతం. ఆయన ఆ ముందు రెండు మూడు నెలలు పెళ్ళి భోజనాలు తింటూ గడిపి ఉంటే మా రిపోర్టులో కౌన్సెలింగ్ పనికిరానిదైపోతుంది. ఇలాంటప్పుడు నిజంగా ఎంతమందిని కలిసినంత సమాచారం మిగిలిందో చెప్పడానికి సర్వే నిపుణుడు లెస్లీ కిష్ ఇచ్చిన సూత్రం ఒకటుంది: వెయిట్ల మొత్తాన్ని వర్గం చేసి, వెయిట్ల వర్గాల మొత్తంతో భాగించాలి. 137 వర్గం 18,769. కింద 99 కూడిక 1,444, అంటే 1,543. భాగిస్తే పన్నెండు చిల్లర. వంద మంది రక్తం తీసి, వంద మందికి ఫోన్లు చేసి, ఆటో చార్జీలిచ్చి, చివరికి పన్నెండు మందిని కలిసినంత సమాచారమే మిగిలింది. గోరంతని కొండంత చేయడం అంటే ఇదే.

మా ఆఫీసులో గొడవ ఇక్కడ మొదలైంది. సార్ నాకన్నా ఇరవై ఏళ్ళు సీనియర్. చూడగానే "పది దగ్గర కోసెయ్ అమ్మా" అన్నారు. దీన్ని ట్రిమ్మింగ్ అంటారు, అందరూ చేసేదే. చేసి చూశాను. 38 బదులు 10 పెడితే మొత్తం 109. 109 వర్గం 11,881, కింద 199. భాగిస్తే అరవైకి దగ్గర. పన్నెండు నుంచి అరవైకి ఎగబాకింది. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు జవాబు ఉండొచ్చనుకునే హద్దుల మధ్య దూరం, చక్కగా సన్నబడింది. సార్ ముఖం వెలిగింది.

"మరి ఆ ఇరవై ఎనిమిది మంది ఎటు పోయారు సార్?" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు గానీ, "నువ్వు ప్రతిదానికీ ఇలాగే" అన్నట్టు చూశారు. నా వాదన ఇప్పటికీ అదే. కోయడం తప్పని నేననను. కోసి, కోయనట్టు మాట్లాడటం తప్పు. 38ని 10 చేసిన క్షణంలో మన ప్రశ్న మారిపోయింది. "బస్తీ మొత్తం మీద కౌన్సెలింగ్ ఎంత పనిచేసింది" అని మొదలుపెట్టి, "నైట్ డ్యూటీ వాళ్ళని చాలావరకు పక్కనపెడితే ఎంత పనిచేసింది" దగ్గరికి వచ్చాం. రిపోర్టు మొదటి పేజీలో మాత్రం పాత ప్రశ్నే ఉంటుంది. ఎవరికీ తెలియదు.

"అయితే వెయిట్లే వద్దు, ఉన్నదున్నట్టు సగటు చూపిద్దాం" అనేవాళ్ళూ ఉన్నారు. మా టీమ్‌లోనే ఒకబ్బాయి అన్నాడు. వినడానికి నిజాయితీగా ఉంటుంది. కానీ వెయిట్ వేయకపోవడం అంటే అందరికీ 1 వేయడమే. క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకునే ఆవిడ బస్తీలో ఎంతమందికి ప్రతినిధో, గేటు దగ్గర కునికిపాట్లు పడే ఆయన కూడా అంతమందికే ప్రతినిధి అని ఒప్పుకోవడం. అది ఇంకా పెద్ద అబద్ధం. గుడ్డి కన్నా మెల్ల నయం.

పెద్ద వెయిట్లతో నవ్వులపాలైన కథలు మా రంగంలో తక్కువేం కాదు. 2016 అమెరికా ఎన్నికలప్పుడు లాస్ ఏంజిలిస్ టైమ్స్ పత్రిక, యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) కలిసి నడిపిన పోల్‌లో మూడు వేల మంది దాకా ఉండేవాళ్ళు. అందులో ఇల్లినాయ్‌కి చెందిన పంతొమ్మిదేళ్ళ నల్లజాతి కుర్రాడు ఒకడికి సగటు మనిషికన్నా ముప్పై రెట్లు వెయిట్ పడింది. వాడు ట్రంప్ వైపు. వాడు జవాబిచ్చిన వారం నల్లజాతి ఓటర్లలో ట్రంప్ బలం పైకి లేచేది, ఇవ్వని వారం పడిపోయేది. ఇది బయటపడింది ఎందుకంటే ఆ పోల్ వాళ్ళు తమ డేటాను అందరికీ తెరిచి పెట్టారు. మన దగ్గర ఎన్నికలప్పుడు టీవీల్లో ఎగ్జిట్ పోల్స్ చెప్పేవాళ్ళు వెయిట్ల కాలమ్ చూపించిన రోజు నాకైతే గుర్తులేదు.

ఇంకా పాత కథ ఏనుగుది. దేబబ్రత బసు అనే స్టాటిస్టీషియన్ 1971లో చెప్పాడు. సర్కస్ యజమానికి 50 ఏనుగులున్నాయి. ఓడ ఎక్కించాలి, మొత్తం బరువు ఉజ్జాయింపుగా తెలియాలి. సాంబో అనే ఏనుగు మధ్యరకం. దాన్ని తూచి యాభైతో గుణిస్తే సరిపోతుందని యజమాని ఆలోచన. సర్కస్ స్టాటిస్టీషియన్ ఒప్పుకోలేదు, లాటరీ ఉండాల్సిందే అన్నాడు. సరే, సాంబోకి నూటికి తొంభైతొమ్మిది వంతుల అవకాశం, మిగతా 49 ఏనుగుల్లో ఒక్కోదానికి 4,900లో ఒకటి. అనుకున్నట్టే సాంబో వచ్చింది. యజమాని యాభైతో గుణించబోతే స్టాటిస్టీషియన్ ఆపి, ఆ తిరగేసే సూత్రం ప్రకారం సాంబో బరువుని 99తో భాగించి వందతో గుణించాలన్నాడు. అంటే యాభై ఏనుగుల బరువు ఒక్క ఏనుగు బరువుకి కాస్త ఎక్కువ! పోనీ అన్నిటికన్నా పెద్దదైన జంబో వచ్చి ఉంటే? దాని బరువుని 4,900తో గుణించాలి. పాపం ఆ స్టాటిస్టీషియన్ ఉద్యోగం పోయింది. వెయిట్ల మొత్తంతో భాగించుకుంటే ఈ పిచ్చి చాలావరకు తగ్గుతుందని హాయెక్ అనే మరో స్టాటిస్టీషియన్ జవాబిచ్చాడు. పైన నేను 28 శాతం అని లెక్కగట్టింది ఆ పద్ధతిలోనే.

ఈ బసు పీహెచ్‌డీ చేసింది మన సి.ఆర్. రావు గారి దగ్గర. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే దారి ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని పోతుంది. క్యాబ్ డ్రైవర్లలో ఎవరైనా "సి.ఆర్. రావు అంటే లీడరా మేడం?" అని అడిగితే చెబుతుంటాను. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి, కలకత్తా వెళ్ళి, ప్రపంచం మొత్తం పాఠాలుగా చదువుకునే సిద్ధాంతాలు రాసి, 2023లో 102 ఏళ్ళకి పోయారని. డ్రైవర్‌కి నచ్చేది ఆ 102 ఒక్కటే.

రావు గారి పని అనగానే క్రామర్-రావు (ఏ అంచనా అయినా ఎంతకుమించి కచ్చితం కాలేదో చెప్పే హద్దు) పేరే చెబుతారు. నాకు మాత్రం 1965లో ఆయన వెయిటెడ్ డిస్ట్రిబ్యూషన్ల మీద రాసింది ఎక్కువ ఇష్టం. ఆయన చెప్పే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ ఉదాహరణ మా వాచ్‌మన్ కథకి అచ్చు సరిపోతుంది. రెండేసి పిల్లలున్న నాలుగు ఇళ్ళు తీసుకోండి. మొదటి ఇంట్లో ఇద్దరూ మగపిల్లలు. రెండు, మూడు ఇళ్ళలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. నాలుగో ఇంట్లో ఇద్దరూ ఆడపిల్లలు. మొత్తం నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. ఇప్పుడు మగపిల్లల బడికి వెళ్ళి, "మీ ఇంట్లో నీతో కలిపి మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు?" అని అడుగుతూ అన్నీ కూడండి. మొదటి ఇంటివాళ్ళు ఇద్దరూ బడిలో ఉన్నారు, ఇద్దరూ "ఇద్దరం మగపిల్లలమే" అంటారు. అక్కడే నాలుగు వచ్చేసింది. మిగతా ఇద్దరు కుర్రాళ్ళు "ఒకడు, ఒకతె" అంటారు. మొత్తం ఆరుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఊళ్ళో ఆడపిల్లలే లేరని రిపోర్టు రాసేయొచ్చు.

వెయిట్ వేద్దాం. మొదటి ఇల్లు రెండుసార్లు లెక్కకొచ్చింది, కాబట్టి ఆ ఇద్దరికీ చెరో సగం. ఇప్పుడు నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. అబ్బాయిల లెక్క సరిపోయింది. ఆ నాలుగో ఇంటి అమ్మాయిలు ఇద్దరూ? ఆ ఇంటినుంచి బడికి వచ్చేవాడే లేడు. అరని ఒకటి చేసినా, పది చేసినా, వేయి చేసినా ఆ ఇల్లు రాదు. సున్నాని దేంతో గుణించినా సున్నాయే.

దీన్ని మావాళ్ళు పాజిటివిటీ అంటారు: ప్రతి రకం మనిషికీ రెండు వైపులా పడే అవకాశం, ఎంత చిన్నదైనా, ఉండాలి. 38 అన్న వెయిట్ నాకు చెబుతున్నది ఇదే. నైట్ డ్యూటీ వాళ్ళు నాలుగో ఇంటికి చాలా దగ్గర్లో ఉన్నారు. ఆ ఒక్క లీవు లేకపోతే సరిగ్గా నాలుగో ఇల్లే.

ఇంటర్న్‌గా వచ్చే పిల్లలు ఇక్కడే పొరపాటు పడతారు. కిందటేడు ఒకమ్మాయి మెషిన్ లెర్నింగ్‌తో ప్రొపెన్సిటీ మోడల్ కట్టి, "మేడం, ఏయూసీ 0.95 వచ్చింది" అని సంబరంగా చెప్పింది. ఏయూసీ అంటే మోడల్ రెండు గుంపుల్ని ఎంత బాగా విడదీస్తుందో చెప్పే అంకె, 1 వస్తే పూర్తిగా విడదీసినట్టు. ఎవరు వెళ్తారో ఎవరు వెళ్ళరో అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నామంటే, రెండు గుంపులకీ మధ్య పోల్చడానికి మనుషులే దాదాపు లేరన్నమాట. ఆ అంకె చూసి ఏడవాలి. మనకి కావలసింది జోస్యం కాదు, తూకం. వెయిట్లు వేశాక రెండు వైపులా సగటు వయసు, మొదటి షుగర్, నైట్ డ్యూటీ వాళ్ళ వాటా సమంగా ఉన్నాయా లేదా, అంతే. 2012లో హైన్‌ముల్లర్ చెప్పిన ఎంట్రపీ బ్యాలెన్సింగ్ అందుకే నాకు నచ్చుతుంది. అవకాశాన్ని అంచనా వేయడం, తిరగేయడం లేకుండా నేరుగా తరాజు రెండు తట్టలూ సమం అయ్యేలా రాళ్ళు సర్దుతుంది. సర్దగలిగితేనే. ఒక తట్టలో వాచ్‌మన్లే లేకపోతే అదీ చేతులెత్తేస్తుంది, కనీసం ఎత్తేశానని చెబుతుంది.

డబ్లీ రోబస్ట్ పద్ధతి గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. 1994లో రాబిన్స్, రాట్నిట్జ్‌కీ, జావో తెచ్చింది. ఒక మోడల్ వెయిట్లకి, ఇంకో మోడల్ ఫలితానికి. రెంటిలో ఏ ఒక్కటి సరైనదైనా జవాబు గట్టెక్కుతుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం మంచిదైన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. అయితే 2007లో కాంగ్, షేఫర్ చూపించినట్టు, రెండు పడవలకీ చిన్న చిన్న చిల్లులుంటే ఒక్క పడవ మీద నిలబడ్డవాడికన్నా ముందే మునగొచ్చు. ముఖ్యంగా వెయిట్లలో 38 లాంటివి ఉన్నప్పుడు.

ఇంతవరకు వెళ్ళడం, వెళ్ళకపోవడం గురించే. ఆరు నెలల తర్వాత రెండో పరీక్షకి రానివాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఫలితం గడి ఖాళీ. ఖాళీలన్నీ ఒకటి కావని రూబిన్ 1976లోనే విడదీశాడు. ల్యాబ్‌లో ట్యూబు పగిలి ఖాళీ అయితే నష్టం లేదు. ఆటో వాళ్ళు బేరాలు పోతాయని రాకపోతే, వచ్చిన ఆటో వాళ్ళకి వెయిట్ పెంచి సర్దుకోవచ్చు. మూడో రకమే కొరకరాని కొయ్య. మా ఫీల్డ్ అమ్మాయి ఒకావిడ ఇంటికి నాలుగోసారి వెళ్తే, గుమ్మంలో చింతపండు పీచు తీస్తూ ఆవిడ అన్న మాట: "షుగర్ పెరిగిందని నాకే ఎరుకైంది బిడ్డా. మల్ల తిట్లు తినుడెందుకని రాలే." ఖాళీ గడిలో ఉండాల్సిన అంకే ఆ గడిని ఖాళీ చేసింది. వచ్చినవాళ్ళ వెయిట్ ఎంత పెంచినా, వాళ్ళు తిట్లు పడతాయని భయపడేంత షుగరు లేనివాళ్ళే. అలాంటప్పుడు చేయగలిగింది, రానివాళ్ళ హెచ్‌బీఏ1సీ వచ్చినవాళ్ళకన్నా 0.3 ఎక్కువ అనుకుంటే ఏమవుతుంది, 0.5 అనుకుంటే, 1 అనుకుంటే, ఎక్కడికి వచ్చేసరికి మన ఫలితం తుడిచిపెట్టుకుపోతుంది అని చూపించడం. మేం అది చేశాం. రిపోర్టు చేయించుకున్నవాళ్ళకి ఆ పట్టిక నచ్చలేదు, వెనక్కి నెట్టమన్నారు. నెట్టాం.

తలుపు తెరవని ఇళ్ళ సమస్య హైదరాబాద్‌కి బాగా అలవాటే. 2024 నవంబర్‌లో మొదలైన రాష్ట్ర ఇంటింటి కుల సర్వేలో 96.9 శాతం కవర్ చేశామని ప్రభుత్వం ప్రకటించింది. మిగిలిన 3.1 శాతంలో ఎక్కువమంది జీహెచ్‌ఎంసీ పరిధిలోనివాళ్ళే. తాళం వేసిన ఇళ్ళు కొన్ని, వివరాలు ఇవ్వబోమన్నవాళ్ళు కొందరు. ఊరెళ్ళినందుకు తాళం వేస్తే ఒక రకం ఖాళీ, కులం చెప్పడం ఇష్టంలేక తలుపు తీయకపోతే పూర్తిగా వేరే రకం. బయటినుంచి చూస్తే రెండూ మూసిన తలుపులే. 2025 ఫిబ్రవరిలో వాళ్ళకి మళ్ళీ అవకాశమిచ్చారు. ఆ సర్వే మీద ఎవరి రాజకీయం వాళ్ళది, నేను అటు పోను. కానీ మిగిలినవాళ్ళని లెక్కల్లో సర్దేయకుండా మళ్ళీ అడగడం స్టాటిస్టిక్స్‌గా సరైన పని.

నేను సార్‌తో అన్నదీ అదే. కోయడానికి ముందు ఒకసారి రాత్రి వెళ్దాం. ఆయన రాలేదు, కారు ఇప్పించారు. ఫీల్డ్ అమ్మాయి, నేను తొమ్మిదింటికి బయల్దేరి ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర ఆగుతూ పోయాం. మా లిస్టులో ఉండి రెండో పరీక్షకి రాని వాచ్‌మన్లలో ఏడుగురు దొరికారు. అందరూ కుర్చీ, టార్చి, స్టీలు టిఫిన్ డబ్బా. డబ్బాలో అన్నం మీద పప్పు. ఒకాయన మూత తీసి చూపించి, "రొట్టె తినమంటరు మేడం, ఎవరు జేస్తరు?" అని నవ్వాడు. కౌన్సెలింగ్‌కి ఎందుకు రాలేదన్నా అని అడిగితే, "పదకొండు గొట్టంగ మీటింగంటే మాకది నడిరాత్రి. తెల్లారి ఆరింటికి డ్యూటీ దిగి అప్పుడే కన్ను మలుగుతది" అన్నాడు. ఏ మోడల్‌లోనూ ఈ కారణం లేదు. మా ఫారంలో "వృత్తి" ఉంది, "నిద్రపోయే వేళ" లేదు.

రాత్రి వెళ్ళినందుకు ఖాళీ గడులు ఏడు నిండాయి. వాచ్‌మన్ వెయిట్ మాత్రం తగ్గలేదు. తగ్గదు కూడా. ఈ ఏడుగురూ వెళ్ళనివాళ్ళ తట్టలోకే చేరారు, అవతలి తట్టలో ఇంకా ఆయనొక్కడే. డేటా ఖాళీని కాళ్ళరిగేలా తిరిగి నింపొచ్చు, పదకొండింటి మీటింగ్‌కి వెళ్ళని మనిషిని వెళ్ళినట్టు చేయలేం కదా. చివరికి 2018లో లీ, మోర్గన్, జస్లావ్‌స్కీ చెప్పిన ఓవర్‌ల్యాప్ వెయిట్లు వాడాను. వెళ్ళినవాడికి, వెళ్ళకపోయే అవకాశం ఎంతో అంతే వెయిట్. ఆ లెక్కలో మా వాచ్‌మన్‌కి 38లో 37 వంతులు, ఒకటి కూడా దాటదు. వెళ్ళడమా మానడమా అని ఊగిసలాడే మనుషుల మీద బరువు పడుతుంది. జవాబు వాళ్ళ గురించే. సార్ కోతకన్నా ఇది గొప్పదని కాదు, ఎవరి గురించి మాట్లాడుతున్నామో పేరుపెట్టి చెప్పే వీలుంది. రిపోర్టు మొదటి పేజీలో ఒక వాక్యం పెట్టాం: "పగలు పదకొండు గంటలకు రాగలిగే వీలున్నవారికే ఈ ఫలితం వర్తిస్తుంది. రాత్రి డ్యూటీ చేసేవారి గురించి ఈ అధ్యయనం ఏమీ చెప్పలేదు." సార్ రెండో వాక్యం కొట్టేశారు. నేను మళ్ళీ పెట్టాను. మూడు రోజులు అలా నడిచింది. ఫైనల్‌లో ఉంది.

వచ్చే విడత ఫారంలో "ఇంట్లో ఏ వేళ దొరుకుతారు?" అనే గడి చేర్చాం. ఇప్పటికే నాలుగు పేజీలుంది, ఇంకోటా అని ఫీల్డ్ పిల్లలు గొణుగుతున్నారు.